అటక మీది కత్తికి బీమా



వేసవిలో పాకాల నుంచి దామలచెరువుకు పోయేవాళ్ళకు ఊరికంటే ముందు మామిడి వాసన ఎదురొస్తుంది. మండీల ముందు ట్రాక్టర్లు, లారీలు, తోతాపురి గుట్టలు, తూకాల దగ్గర కేకలు. ఆ సందడిలో ఎవరికీ గుర్తుకురాని సంగతి ఒకటుంది. 1740 మే నెలలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ ఈ దామలచెరువు కనుమ దగ్గరే రఘోజీ భోంస్లే నడిపించిన మరాఠా సేనతో తలపడి చనిపోయాడు. ఆయన కొడుకు హసన్ అలీ కూడా అదే పోరులో కూలిపోయాడు. ఆర్కాటు రాజ్యం తలరాత మారిపోయింది ఇప్పుడు మామిడికాయలకు వేలం పాడే ఈ చుట్టుపక్కలే.

మరో 42 ఏళ్ళకు, 1782 డిసెంబరు 7న, హైదర్ అలీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూశాడు. ఆ తర్వాత కల్లూరు, పులిచెర్ల, బంగారుపాళెం పాళెగాళ్ళు కుంఫిణీ దొరలకు కంట్లో నలుసయ్యారు. ఇన్ని సైన్యాలు నడిచిన నేల కాబట్టే ఈ ప్రాంతం పాత ఇళ్ళలో ఒక తుప్పు పట్టిన కత్తో, పిడి ఊడిన బాకో, డాలో కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆయుధపూజ నాడు దించి పసుపు కుంకుమ పెడతారు. మర్నాడు మళ్ళీ అటక ఎక్కిస్తారు.

కత్తి ఒక్కటే కాదు. మిలిటరీలో పనిచేసి వచ్చిన తాత నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో పతకాలు, బెల్టు బకిలు, డిశ్చార్జి పుస్తకం. ఇంకో మూల అవ్వ దాచిన రాగి కాసులు, అణాలు, చిల్లు కానులు. జంక్షన్ ఊరు కదా, పాకాలలో రైల్వే కుటుంబాలకూ కొదవ లేదు. ధర్మవరం లైను 2010లో బ్రాడ్‌గేజ్ అయ్యేదాకా మీటర్‌గేజ్ బండ్లే తిరిగాయి. ఆ కాలం అట్ట టిక్కెట్లను, చేతి లాంతర్లను అపురూపంగా దాచుకున్నవాళ్ళున్నారు. కాలం గడిచేకొద్దీ ఇంట్లో ఎవరో ఒకరికి వీటి మీద మక్కువ పుడుతుంది. ఉన్నవి తుడిచి పెడతారు, లేనివి కొని తెస్తారు. చూస్తుండగానే అది సేకరణ అవుతుంది. అప్పుడు వస్తుంది అసలు ప్రశ్న: ఇవి దొంగల పాలైతేనో, అగ్గికి ఆహుతైతేనో, నీళ్ళలో నానితేనో గతేమిటి?

ఆ మాట ఎత్తగానే ఇంటి యజమాని చెప్పే జవాబు ఒకటే. "ఇంటికి బీమా చేయించినాం గదన్నా, ఇంట్లో ఉండేవంతా దాంట్లోనే వస్తాయిలే!"

రావు. ఎందుకు రావో పాలసీ కాగితంలోనే ఉంటుంది.

బీమా నియంత్రణ సంస్థ, అంటే హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న ఐఆర్‌డీఏఐ, 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఒకే తీరు గృహబీమాను తెచ్చింది. దాని పేరు భారత్ గృహ రక్ష. ఏ సాధారణ బీమా కంపెనీ దగ్గర తీసుకున్నా మూల నిబంధనలు ఒకటే. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు విరగడం, అల్లర్లు లాంటివి దీని కిందికి వస్తాయి. ఇంటి కట్టడానికి ఎంత బీమా చేయిస్తే అందులో 20 శాతం మేరకు లోపలి సామానుకు దానంతటదే రక్షణ వస్తుంది. ఆ మొత్తం 10 లక్షలకు మించదు. కట్టడానికి 30 లక్షల బీమా ఉంటే సామానుకు 6 లక్షలు. 60 లక్షలుంటే లెక్క ప్రకారం 12 లక్షలు రావాలి, కానీ 10 దగ్గర ఆగిపోతుంది.

ఆ సామాను అన్న మాటలో మంచం, బీరువా, టీవీ, ఫ్రిజ్ ఉన్నాయి. నగలు, వెండి సామాను, చిత్రపటాలు, కళాఖండాలు, పురాతన వస్తువులు మాత్రం విలువైన వస్తువులని వేరే పద్దులో ఉన్నాయి. ఆ రక్షణ కావాలని విడిగా అడగాలి, విడిగా ప్రీమియం కట్టాలి. అడగనివాడి అటక మీది కత్తికి ఆ పాలసీలో చోటు లేదు.

నాణేల సంగతి ఇంకా తిరకాసు. బంగారు కడ్డీలు, పొదగని రత్నాలు, చేతిరాత ప్రతులు, దస్తావేజులు, నాణేలు, కాగితం డబ్బు పాడైతే పరిహారం ఉండదని మినహాయింపుల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. అయితే దాని చివర ఒక ముక్క ఉంది: పాలసీలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, అని. వరహాలు, రూకలు, ఈస్టిండియా కంపెనీ కాసులు కూడబెట్టినవాళ్ళు పట్టుకోవలసింది ఆ చివరి ముక్కనే. కంపెనీవాళ్ళతో మాట్లాడి ఆ నాణేల జాబితాను పాలసీలో ఎక్కించుకోవాలి. నోటిమాట చెల్లదు, కాగితం మీద పడాలి.

మరి ధర ఎట్లా కడతారు? ఫ్రిజ్ కాలిపోతే కొత్తది అంగట్లో దొరుకుతుంది, బిల్లు చూస్తారు. రెండు వందల ఏళ్ళ కత్తికి అంగడి లేదు, బిల్లు లేదు. అందుకే ఇలాంటి వస్తువులకు ముందే ఒప్పుకున్న విలువ అనే పద్ధతి పెట్టారు. వస్తువు విలువ తెలిసినవాడి చేత వెలకట్టించి, ఆ పత్రాన్ని కంపెనీకి ఇస్తే, కంపెనీ దానికి ఒప్పుకుంటే, నష్టం జరిగినప్పుడు ఆ అంకె మీద మళ్ళీ బేరం ఉండదు. చిన్న సేకరణలకు ఒక వెసులుబాటు కూడా ఉంది. మొత్తం విలువ 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే వెలకట్టిన పత్రం అక్కర్లేదు. పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఉండే సేకరణలు చాలామటుకు ఈ గీత లోపలే ఉంటాయి. ఈ సంగతి తెలియకనే చాలామంది వెలకట్టేవాడి కోసం చెన్నైకి, బెంగళూరుకు పోవాలేమోనని వెనక్కి తగ్గుతారు.

వెల దేన్నిబట్టి వస్తుందో చెప్పడానికి టిప్పు సుల్తాన్ కత్తిని మించిన ఉదాహరణ లేదు. 2023 మే 23న లండన్‌లో బోనమ్స్ సంస్థ ఆ కత్తిని వేలం వేస్తే కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది. మన డబ్బులో 140 కోట్ల పైమాటే. ఉక్కుకు అంత ధర రాదు, పిడి మీది బంగారు పనికీ రాదు. 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయాక ఆ కత్తిని మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు బహూకరించినట్టు దాని మీదే రాసి ఉంది. ఆ బెయిర్డ్ ఎవరు? 1780లో కంచి దగ్గర పొల్లిలూరు యుద్ధంలో హైదర్ సేనకు చిక్కి, దాదాపు నాలుగేళ్ళు శ్రీరంగపట్నం చెరలో మగ్గినవాడు. తనను బంధించిన కోట మీదికి పందొమ్మిదేళ్ళ తర్వాత తానే సేనను నడిపించాడు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో మొదటి నుంచి చివరి దాకా రుజువుంది కాబట్టి ఆ ధర. అచ్చం అలాంటి కత్తే రుజువు లేకుండా దొరికితే ఆ ధర దరిదాపుల్లోకి కూడా రాదు.

రుజువుంటే అటక మీది సామాను కూడా వెలుగులోకి వస్తుంది. ఇంగ్లండులోని బర్క్‌షైర్‌లో ఒక కుటుంబం అటక మీద శ్రీరంగపట్నం నాటి తుపాకి, కత్తులు బయటపడ్డాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి ఒకరు తెచ్చినవని తేలాక 2019 మార్చిలో వేలానికి పెడితే లక్షా 7 వేల పౌండ్లు వచ్చాయి.

పాకాల ట్రంకు పెట్టెలో టిప్పు కత్తి ఉండకపోవచ్చు. కానీ రుజువు చూపించే వస్తువులు ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌నే తీసుకోండి. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి. చాలామంది ఈ రెండు వైపులూ చూసి పక్కన పెట్టేస్తారు. చూడవలసింది మూడోది, పతకం అంచు. రూపాయి బిళ్ళను నిలబెట్టి తిప్పినట్టు తిప్పి, వెలుతురులో పెట్టి చూస్తే అంచు చుట్టూ సన్నని అక్షరాల్లో సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం పేరు చెక్కి ఉంటాయి. అక్షరం కనబడకపోతే భూతద్దం పెట్టాలి. పతకం వెండిదా కంచుదా అన్నది కూడా చూడాలి. పోరాడిన సిపాయిలకు వెండిది ఇచ్చారు, లేబర్ కోర్‌లో పనిచేసిన భారతీయులకు కంచుది ఇచ్చారు. కంచుది అరుదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బర్మా స్టార్ ఆరు కొనల నక్షత్రం. దాని రిబ్బను మధ్యలో వెడల్పాటి ఎర్ర పట్టీ, అటూ ఇటూ ముదురు నీలం, ఆ నీలం నడుమ సన్నని నారింజ గీత. 1965, 1971 యుద్ధాల వారి ఇళ్ళలో సమర్ సేవా స్టార్, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉంటాయి. పతకం పక్కన డిశ్చార్జి పుస్తకం, యూనిఫాంలో తీయించుకున్న ఒక ఫొటో, ముద్దర పడిన ఒక ఉత్తరం ఉంటే ఆ నాలుగూ కలిసి ఒకే వస్తువు కింద లెక్క. విడదీసి అమ్మితే, పారేస్తే, ఒక్కొక్కదాని విలువ సగానికి పడిపోతుంది.

ఇక్కడే మన ఇళ్ళలో జరిగే ఒక పొరపాటు చెప్పుకోవాలి. బీమావాళ్ళు వస్తున్నారనో, ఎవరో చూడటానికి వస్తున్నారనో ఇంటివాళ్ళు చింతపండు, పీచు తీసుకుని పతకాలను, కాసులను తళతళ తోమేస్తారు. ఇత్తడి బిందెకు అది సింగారం. పాత నాణేనికి అది చావుదెబ్బ. ఏళ్ళ తరబడి పట్టిన ఆ ముదురు రంగు పొరనే కొనేవాళ్ళు, వెలకట్టేవాళ్ళు పాతదనానికి గుర్తుగా చూస్తారు. తోమిన నాణెం అక్షరాలు అరిగి, గీతలు పడి, ధర తగ్గిపోతుంది. కత్తికి పూసిన తడి పసుపు, కుంకుమ పూజ అయిన సాయంత్రమే పొడిబట్టతో తుడిచేయాలి. తుప్పు, చెద, బూజు, పురుగు మెల్లగా చేసే నష్టం ఈ గృహబీమా చెప్పే ప్రమాదాల్లో లేదు. దాని నుంచి కాపాడుకోవలసింది ఇంటివాళ్ళే.

వెల తేలింది సరే, వస్తువు ఎవరిది? బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న నిజానికి ఇదే. చట్టప్రకారం తనది కాని దానికి, చట్టం ఒప్పుకోని దానికి ఎవరూ బీమా పొందలేరు.

దామలచెరువు పొలంలో దున్నుతుంటే నాగలికి ఒక కుండ తగిలిందనుకుందాం, లోపల నాణేలు. "నా పొలంలో దొరికింది, నాదే" అనుకోవడం సహజం. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగిన విలువైనది ఏదైనా, పది రూపాయలు మించిన విలువ గలదైతే, దొరికినవాడు కలెక్టరుకు తెలపాలి. తెలపకుండా ఇంట్లో దాచి దానికి బీమా చేయిస్తానంటే నేరానికి తానే సాక్ష్యం రాసిచ్చినట్టు.

రైల్వే లాంతరు సంగతి పాకాలవాళ్ళు ముఖ్యంగా వినాలి. 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం కింద, దొంగిలించిన రైల్వే సామాను అని అనుమానించదగ్గది దగ్గరుంటే, అది సక్రమంగా వచ్చిందని చూపించుకోవలసిన భారం ఉన్నవాడి మీదే పడుతుంది. రైల్వే వేలంలో కొన్న రసీదు ఉంటే లాంతరు సేకరణలో ఆభరణం. రసీదు లేకపోతే తలనొప్పి.

ఇక ఆయుధాలు. తుపాకికి 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ఎంత మరమ్మతు చేసినా ఇక పేలదు అనదగ్గ పాత తుపాకికి మాత్రం ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. పేలుతుందా పేలదా అన్నది ఇంటి యజమాని తేల్చుకునే విషయం కాదు, పోలీసులకు చూపించి రాతపూర్వకంగా తీసుకోవాలి. లైసెన్సు ఉన్న తండ్రి పోతే, ఆయన తుపాకిని వారసులు జాప్యం లేకుండా పోలీసు స్టేషన్లోనో, లైసెన్సు గల డీలరు దగ్గరో అప్పజెప్పి, ఆ తర్వాత తమ పేరున లైసెన్సు అడగాలి. కత్తులు, బాకులు, బల్లేలకు కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే లైసెన్సు కావాలి. తూటాలు, పాత గుండ్లు కనిపిస్తే ముట్టుకోకుండా స్టేషనుకు చెప్పడమే మేలు.

వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో ఉంచుకోవచ్చు. రాతి, లోహ శిల్పాలు, చిత్రపటాల్లాంటి కొన్ని రకాలను నమోదు చేయించాలి. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. దేశం దాటించడం మాత్రం ఎవరి తరమూ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం సామాను ఇప్పుడు ఆ వందేళ్ళ గీత దాటింది. సంక్రాంతికి వచ్చిన అమెరికా మనవడు ముత్తాత కత్తిని సూట్‌కేసులో పెట్టుకుని పోతానంటే, విమానాశ్రయంలో కత్తీ పోతుంది, మనవడూ చిక్కుల్లో పడతాడు.

దొంగతనం విషయంలో ఇంకో మెలిక. భారత్ గృహ రక్షలో దొంగతనం ఉంది కానీ అది మనం అనుకునే దొంగతనం కాదు. వరదో, నిప్పో వచ్చి, ఆ అదనులో వారం రోజుల లోపు సామాను పోతేనే పరిహారం. మామూలు రోజున రాత్రిపూట కన్నం వేసి పట్టుకుపోతే దీని కింద ఏమీ రాదు. దానికి దొంగతనం బీమా వేరే తీసుకోవాలి. పిల్లలు బెంగళూరులో ఉండి, పెద్దలు నెలల తరబడి అక్కడికి పోయి, పాకాల ఇంటికి తాళం పడి ఉంటే ఆ సంగతి కంపెనీకి ముందే చెప్పి, అప్పుడూ రక్షణ ఉంటుందా అని రాయించుకోవాలి.

దొంగలకు అడ్డేముంది? 2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోనే పడ్డారు. వెంటిలేటరు ఊడదీసి, తాడుతో లోపలికి దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, బంగారు కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. ముంబై దాకా పోయి అమ్మజూపినా కొనేవాడు దొరకలేదని, ఆ బాక్సులోనే ఒక దొంగ అన్నం తిన్నాడని పట్టుకున్నాక పోలీసులు చెప్పారు. పది రోజులు తిరక్కుండానే సొత్తు వెనక్కి వచ్చింది. నిజాం టిఫిన్ బాక్సు ఎలా ఉంటుందో లోకానికి తెలుసు. మన ఇంటి బాకు ఎలా ఉంటుందో పోలీసులకు చెప్పగలిగేది మన దగ్గరున్న ఫొటో ఒక్కటే.

అందుకే ప్రీమియం కంటే ముందు చిట్టా రాయాలి. ఒక పొడవాటి నోటుబుక్కు చాలు. వస్తువుకు ఒక పేజీ. పేరు, పొడవు, బరువు, దేనితో చేసింది, మీద ఏం రాసి ఉంది, ఎక్కడ విరిగింది, ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు, ఎంతకు. స్కేలు పక్కన పెట్టి ముందువైపు, వెనకవైపు, గుర్తులున్న చోట దగ్గరగా ఫొటోలు. "ఇది జేజినాయన బర్మా నుంచి తెచ్చింది" అని అవ్వ చెప్పిన మాటను అవ్వ పేరు, తేదీ వేసి రాసుకోవాలి. ఆ మాట ఎరిగినవాళ్ళు ఎల్లకాలం ఉండరు.

రాసిన చిట్టా అదే ఇంట్లో, అదే బీరువాలో ఉంటే లాభం లేదు. 1973 జులై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డులు దాచిన భవనానికి నిప్పంటుకుని కోటీ 60 లక్షలకు పైగా ఫైళ్ళు బూడిదయ్యాయి. వాటికి రెండో ప్రతి లేదు. తాము యుద్ధం చేశామని, పతకం తమదేనని చూపించుకోవడానికి ముసలి సిపాయిలు ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. చిట్టా ఒక ప్రతి కూతురి ఇంట్లోనో, ఫొటోలు పిల్లల ఫోన్లలోనో ఉంచడానికి ఖర్చేమీ లేదు. నిప్పే కాదు, నీళ్ళ భయమూ ఉంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు ఈ జిల్లా మరిచిపోలేదు. ఆ వరదల్లో పొంగిన స్వర్ణముఖి నది పుట్టేది మన పాకాల దగ్గరి కొండల్లోనే.

నష్టం జరిగినప్పుడు చేయవలసినవి కొన్నే. దొంగతనమైతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు, నిప్పయితే అగ్నిమాపక శాఖకు కబురు, ఏదైనా సరే కంపెనీకి ఆలస్యం లేకుండా రాతపూర్వకంగా తెలపడం. సర్వేయరు వచ్చేదాకా కాలిన ముక్కలు, తడిసిన కాగితాలు పారేయకూడదు. పాలసీలో రాసిన వస్తువు ఇదేనా అని ఆయన చూస్తాడు. అప్పుడు నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టాలి. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఈ ఆదివారం అటక మీది ట్రంకు పెట్టె ఒకసారి కిందికి దించండి. చింతపండు జోలికి పోకుండా పొడిబట్టతో తుడిచి, పతకం అంచు మీది పేరు చదివి, నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. సోమవారం బీమా ఆఫీసుకు పోయి విలువైన వస్తువుల రక్షణ మా పాలసీలో ఉందా అని అడగండి. ఉందంటే, అది ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించమనండి.